ముక్కు మీద పడిన నింద

పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో సుమారు 1490 నాటి చిత్రపటం ఒకటి ఉన్నది. గీసినవాడు ఇటలీ చిత్రకారుడు ఘిర్లాండాయో. బుడిపెలతో ఉబ్బిన ముక్కు గల తాతగారు, ఆయన ముఖంలోకి ప్రేమగా చూస్తున్న పసివాడు. ఆ ముక్కు జబ్బుకు 'రైనోఫైమా' అని నామకరణం జరిగింది 1845లో. చేసినవాడు వియన్నా చర్మవైద్యుడు హెబ్రా. గ్రీకు భాషలో ముక్కు మీది పెరుగుదల అని అర్థం.

పేరు వచ్చింది గాని నింద పోలేదు. పాశ్చాత్యులు దీనిని 'విస్కీ ముక్కు' అని ఎగతాళి చేశారు. అమెరికా కోటీశ్వరుడు జె.పి. మోర్గన్ (1837-1913) అంతటివాడికి కూడ ఈ ముక్కు కారణంగా ఫొటో అంటే గిట్టేది కాదు.

మరి సూక్ష్మదర్శిని ఇచ్చిన సాక్ష్యమేమి? ముఖం ఎర్రబారే రొజేషియా అనే వ్యాధి ముదిరిన రూపమిది. చర్మంలోని సన్నని రక్తనాళాలు వెడల్పవుతాయి. వాటి చుట్టూ తెల్ల రక్తకణాలు మూగి వాపు కలిగిస్తాయి. నూనె గ్రంథులు ఎన్నో రెట్లు పెరుగుతాయి. వాటి నాళాలు జిడ్డుతో, మృతకణాలతో నిండి సాగిపోతాయి. పైకి కనపడే గుంటలు వాటి నోళ్లే. ఏళ్లు గడిచేకొద్దీ పీచు కణాలు కొల్లాజెన్‌ను పేర్చి చర్మాన్ని దళసరి చేస్తాయి. బాగా ముదిరిన కొందరిలో గ్రంథులు తగ్గి, పీచే మిగులుతుంది. లోపలి ఎముక, మృదులాస్థి సాధారణంగా చెక్కుచెదరవు.

ఈ మార్పులకు మద్యమే కారణమని రుజువు కాలేదు. తాగితే ముఖం మరింత ఎర్రబారవచ్చు, అంతే. చుక్క ముట్టనివారికీ ఈ జబ్బు వస్తుంది. రికార్డు చూడకుండా ఫైలు మీద నోట్ రాయడం ఎంత తప్పో, ముక్కు చూసి మనిషికి తాగుబోతు ముద్ర వేయడమూ అంతే తప్పు.

చికిత్సలో ఒక చిత్రమున్నది. శస్త్రవైద్యులు పెరిగిన భాగాన్ని కత్తితోనో లేజరుతోనో చెక్కివేస్తారు. లోతున మిగిల్చిన ఆ గ్రంథుల కణాల నుండే కొత్త చర్మం పుట్టి గాయాన్ని కప్పుతుంది. చెరిచినదే చక్కదిద్దుతుందన్నమాట! చెక్కిన ముక్కను పరీక్షకు పంపడమూ అవసరమే. అరుదుగా అందులో క్యాన్సర్ దాగి ఉండవచ్చు.

ఇది ఎక్కువగా యాభై దాటిన పురుషులకు వచ్చే జబ్బు, అనగా మన వయసువారికి. మన చామనఛాయలో తొలినాటి ఎరుపు సులభంగా కనపడదు. కనుక ముక్కు చర్మం మందమవుతున్నట్లు తోస్తే సిగ్గుపడక చర్మవైద్యుని సంప్రదించవలసిందిగా సభ్య మిత్రులకు మనవి.