ఆటలో తొడిగిన పాత హాకీ జెర్సీలు: గుర్తింపు, కాలనిర్ణయం

హాకీ అనగానే మనకు ధ్యాన్‌చంద్ ఆడిన మైదానం గుర్తొస్తుంది. ఇక్కడ చెప్పుకునేది కెనడా, అమెరికాల్లో ఆడే మంచు హాకీ గురించి. అందులోనూ 1917లో పుట్టిన నేషనల్ హాకీ లీగ్ ఆటగాళ్లు నిజంగా ఆటలో తొడిగి విడిచిన జెర్సీల గురించి. సేకర్తల బజారులో వీటి ధరలు లక్షల డాలర్లకు పాకడంతో, ఒక చొక్కా ఏ ఏటిది, ఎవరిది అని తేల్చడం ఒక విద్యగా ఎదిగింది. ఎవరిది, ఎప్పటిది అన్నది ఒక్క ప్రశ్నలా వినిపిస్తుంది గానీ అందులో మూడున్నాయి. ఈ గుడ్డ ఎప్పుడు తయారైంది? జట్టు దీన్ని ఆటలో వాడిందా? వాడితే ఎవరి ఒంటి మీద? మొదటి ప్రశ్నకు దొరికిన జవాబునే మూడోదానికీ అతికించేయడం వల్ల ఈ రంగంలో చాలా మోసాలూ అంతకంటే ఎక్కువ పొరపాట్లూ జరిగాయి. లేబుళ్లు, చిహ్నాలు మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతాయి. తక్కిన రెండింటికీ గట్టి సాక్ష్యం పాత జట్ల పొదుపులో ఉంది: మాసికల్లో, విప్పి మళ్లీ కుట్టిన అంకెల్లో, ఒకరు విడిస్తే ఇంకొకరు తొడిగిన చొక్కాల్లో.

తొలి దశాబ్దాల్లో ఈ జెర్సీ ఉన్నితో అల్లిన స్వెటరే. కెనడాలో దాన్ని ఇప్పటికీ స్వెటర్ అనే వాళ్లున్నారు. ముందు చిహ్నాన్నీ వెనక అంకెనూ ఫెల్టు ముక్కల్లో కత్తిరించి కుట్టేవారు. చెమటకు తడిస్తే బరువెక్కేది, పెట్టెలో పెడితే చిమ్మటలు తినేసేవి. ఆ తర్వాత నూలు కలిసిన డ్యూరీన్ గుడ్డ, 1970ల్లో గాలాడే జాలీ గుడ్డ, తర్వాత పూర్తి పాలిస్టర్ వచ్చాయి. గుడ్డ మారినా జట్ల లెక్క మాత్రం చాలాకాలం మారలేదు. ఆటగాడికి ఇచ్చేవే కొద్ది జతలు. చిరిగితే జట్టు సామాను చూసే మనిషి కుట్టించేవాడు. సీజన్ అయిపోతే వాటిని సాధనకో, కింది లీగ్‌లోని అనుబంధ జట్టుకో దించేవారు. అక్కడ పేరు పట్టీ విప్పి, అంకె మార్చి ఇంకో కుర్రాడికి తొడిగించేవారు.

అలాంటి చొక్కా ఒకటి చేతికొస్తే లోపలి వైపుకు తిప్పి కిటికీ వెలుతురుకు పట్టి చూడాలి. వెనక కుట్టి ఉన్నది 22 అనుకుందాం. దాని కింద సన్నని సూది చిల్లుల వరస ఒకటి వేరే దారిలో, 8 అంకె వంకరల్లో తిరుగుతూ కనిపించవచ్చు. ఆ 8 కప్పి ఉంచిన మేర గుడ్డ తక్కిన వెనకభాగం కంటే ఒక వన్నె ముదురుగా ఉంటుంది, ఎందుకంటే అక్కడ అంతగా వెలవలేదు. కొత్త సేకర్త దీన్ని చూసి 'ఎవరో మార్చేశారు' అని పక్కన పడేస్తాడు. నిజానికి దుకాణంలో అభిమానికి అమ్మేందుకు చేసిన చొక్కాకు రెండుసార్లు అంకె కుట్టాల్సిన అవసరం ఎవరికీ ఉండదు. రెండో వరస చిల్లులు జట్టు వాడకానికి ఆనవాలు. అయితే అనామకుడి అంకె ఊడదీసి మహా ఆటగాడి అంకె కుట్టిన దొంగ కూడా ఇవే చిల్లులు మిగులుస్తాడు కదా అని అడగొచ్చు. మిగులుస్తాడు. అప్పుడు చిల్లులతో పని లేదు, మరకలతోనే. ఆటలో పడిన గీతకు గుడ్డ ఎక్కడ ఆగుతుందో, అంకె ఎక్కడ మొదలవుతుందో తెలియదు; రెండింటి మీదుగా సాగిపోతుంది. హాకీ కర్రకు చుట్టిన నల్ల టేపు మరకో, అరీనా గోడకు రాసుకున్న చారో సరిగ్గా అంకె అంచు దగ్గర తెగిపోతే, ఆ అంకె మరక కంటే తర్వాత వచ్చినట్టే.

ఇక లేబుల్ సంగతి. అమెరికాలో బట్టల మీద నూలెంత, నైలాన్ ఎంత అని రాయాలన్న చట్టం 1958లో వచ్చి 1960లో అమల్లోకి దిగింది. ఎలా ఉతకాలో చెప్పే లేబుల్ 1972 నుంచి తప్పనిసరి. కెనడాలో ఇంగ్లిషు, ఫ్రెంచి రెండింటిలోనూ పీచు వివరాలు రాసే పద్ధతి కూడా 1970ల తొలినాళ్లలోనే స్థిరపడింది. కాబట్టి ఉతికే సూచన ముద్రించి ఉన్న చొక్కాను 1965 నాటిదంటే నమ్మనక్కర్లేదు. అమెరికా లేబుళ్ల మీద ఆర్ఎన్ అనే నమోదు సంఖ్య ఉంటుంది. అందులోంచి 13670 తీసేసి, మిగిలిందాన్ని 2635తో భాగించి, 1959 కలిపితే ఆ సంఖ్య సుమారుగా ఏ ఏడు ఇచ్చారో వస్తుందని పాత బట్టల వ్యాపారులు లెక్క కడతారు. 60000 అయితే 1976 ప్రాంతం. తిరకాసు ఇక్కడే ఉంది: అది కంపెనీ నమోదైన ఏడు, చొక్కా కుట్టిన ఏడు కాదు. అదే సంఖ్యతో ఆ కంపెనీ ముప్పై ఏళ్ల తర్వాత కూడా బట్టలు కుట్టొచ్చు. లేబుల్ 'ఇంతకు ముందుది కాదు' అనగలదే తప్ప 'అప్పటిదే' అనలేదు. పైగా న్యూయార్క్‌లోని గెర్రీ కాస్బీ దుకాణం లాంటివి ఆటగాళ్లకు, మామూలు జనానికి కూడా జెర్సీలు అమ్మాయి. సరైన లేబుల్ ఉన్నంత మాత్రాన జట్టు వాడినట్టు కాదు.

లీగ్ నియమాలు, జట్ల చిహ్నాలు ఈ హద్దుల్ని ఇంకా బిగిస్తాయి. బోస్టన్ జట్టు ఆకుల చక్రంలో బీ అక్షరాన్ని 1948-49లో మొదలుపెట్టింది. టొరంటో మేపుల్ లీఫ్స్ తమ పాత 35 మొనల ఆకును వదిలి, కెనడా జెండాను పోలిన 11 మొనల ఆకుకు 1967లో మారింది. 1970-71 నుంచి 2002-03 దాకా సొంతగడ్డ మీద ఆడే జట్టు తెలుపు వేసుకునేది. 2003-04లో అది తిరగబడింది. 1991-92 చొక్కాల మీద లీగ్ 75వ వార్షికోత్సవ గుర్తు ఉంటుంది. 2005లో లీగ్ డాలు చిహ్నం నారింజ రంగు వదిలి వెండి రంగుకు వచ్చింది. ఒక్కోసారి అంకె ఒక్కటే సీజన్‌ను పట్టిస్తుంది: గోర్డీ హౌ డెట్రాయిట్‌లో 1946-47 తొలి సీజన్‌లో 17 వేసుకుని, తర్వాత 9కి మారాడు. వెనక పేరు ఉండాలన్న నియమం 1977-78లో వచ్చింది. టొరంటో యజమాని హెరాల్డ్ బల్లార్డ్‌కు అది నచ్చలేదు. పేర్లు చొక్కా మీదే కనిపిస్తే మ్యాచ్ కార్యక్రమ పుస్తకాలు ఎవరు కొంటారన్నది ఆయన బెంగ. చివరికి 1978 ఫిబ్రవరిలో షికాగోలో ఆయన జట్టు నీలి చొక్కా మీద నీలి అక్షరాలతో దిగింది. కాగితం మీద నియమం పాటించినట్టే, చూసేవాడికి మాత్రం ఏమీ కనపడదు! ఈ కథలో సేకర్తకు ఒక హెచ్చరిక కూడా ఉంది. నియమం పుట్టిన తేదీ, చొక్కాలు మారిన తేదీ ఒకటి కావు. కొన్ని జట్లు 1977కు ముందే పేర్లు వేసుకున్నాయి. తర్వాతి చొక్కాలు కింది లీగ్‌కు దిగేటప్పుడు పేర్లు పోగొట్టుకున్నాయి. పేరు లేదు కాబట్టి పాతదనీ, ఉంది కాబట్టి కొత్తదనీ అనలేం.

వాడకపు జాడలు చూడగానే నమ్మబుద్ధి పుట్టిస్తాయి కాబట్టే దొంగలు ముందు వాటి మీదే చెయ్యి చేసుకున్నారు. ఉప్పుకాగితంతో రుద్దడం, హాకీ కర్రతో కొట్టడం, టీ డికాషన్‌లో ముంచడం అన్నీ జరిగాయి. ఉప్పుకాగితం చెయ్యి అందిన చోటల్లా సమంగా అరగదీస్తుంది. ఆట అలా అరగదీయదు: మోచేతులు, మణికట్ల దగ్గరి అంచులు, అడుగు అంచు దెబ్బ తింటాయి, చంకలో మడత శుభ్రంగా ఉంటుంది. అతినీలలోహిత దీపం కూడా కొంత పనికొస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత సబ్బుపొడుల్లోనూ కృత్రిమ దారాల్లోనూ చేరిన మెరుపు రసాయనాలు ఆ వెలుగులో నీలంగా మెరుస్తాయి. అయితే 1930ల స్వెటర్ అసలుదే అయినా, నిరుడు దాన్ని ఎవరైనా కొత్త పొడితో ఉతికి ఉంటే ఒళ్లంతా మెరుస్తుంది. కాబట్టి చొక్కా మొత్తం మెరిస్తే పెద్దగా తేలేదేమీ లేదు. మెరవని చొక్కా మీద అంకె కుట్టిన దారం ఒక్కటే మెరిస్తే మాత్రం ఆ దారానికి సంజాయిషీ కావాలి.

మూడో ప్రశ్నకు, అంటే ఒంటికి సంబంధించిన దానికి, నిలబడే జవాబు ఛాయాచిత్రమే. జాలీ గుడ్డ చిల్లుల మీద అంకె అంచు ఎక్కడ పడిందో, మాసిక ఏ కోణంలో ఉందో, చిహ్నం ఎంత వంకరగా కుట్టారో ఆనాటి ఫొటోతో పోల్చి చూస్తారు. 1972 సెప్టెంబర్ 28న మాస్కోలో, సోవియట్ జట్టు మీద 34 సెకన్లు మిగిలి ఉండగా గెలుపు గోలు కొట్టిన పాల్ హెండర్సన్ 19వ నంబరు జెర్సీ 2010 వేలంలో పది లక్షల డాలర్లు దాటింది. ఎడ్మంటన్‌కు వేన్ గ్రెట్స్కీ చివరిసారి తొడిగిన 1988 జెర్సీ 2022లో 14.52 లక్షల డాలర్లు పలికింది. ఆ స్థాయి సొమ్ము పెట్టేవాడికి ఉత్తరాలూ ప్రమాణపత్రాలూ చాలవు. నలుపు తెలుపు రోజుల్లో మరక కనిపించేంత స్పష్టమైన ఫొటోలు ఎక్కడివి అన్న అభ్యంతరం న్యాయమైనదే. 1940ల స్వెటర్లలో చాలావాటికి జత ఫొటో దొరకదు. దొరకనంత మాత్రాన చొక్కా దొంగది కాదు. దాన్ని 'ఈ జట్టుది, ఈ నాలుగు సీజన్ల మధ్యది, ఈ అంకెది' అని రాసి, ఆటగాడి పేరు దగ్గర కలం ఆపాలి. వేలం పుస్తకాలకు ఆ నిగ్రహం తక్కువ.

చొక్కా సరుకుగా మారాక పరిస్థితి తలకిందులైంది. ఇప్పుడు జట్లు సీజన్‌కు పలు జతలు వాడి, ఒక్క ప్రత్యేక మ్యాచ్ కోసం కూడా వేరే చొక్కా తొడిగించి, ఆట అవగానే వరస సంఖ్య ఉన్న ట్యాగు కట్టి అమ్మకానికి పెడతాయి. అలాంటి చొక్కా మీద రెండో వరస సూది చిల్లులు ఉండవు, మాసిక ఉండదు. ఫొటోలు వేలల్లో ఉంటాయి గానీ పోల్చి చూసేందుకు గుడ్డ మీద గుర్తులు ఒకటీ రెండూ కూడా దొరకవు. ఆ ట్యాగు ఊడిపోతే, ఆటగాడికి ఇచ్చినా అతను తొడగని జతకూ, అతను తొడిగిన జతకూ తేడా చెప్పడం నిపుణుడికీ కష్టమే.