కాగితం మీద మిగిలిన శరత్కాలపు తోట

తోటల చరిత్రలో రాజుల పేర్లుంటాయి, వాస్తుశిల్పుల పేర్లుంటాయి. ఏ పువ్వు పక్కన ఏ పువ్వు నాటాలో ఆలోచించిన స్త్రీల పేర్లు అరుదు. ఆ ఆలోచనను ఇంటిపనిలో భాగంగా చూశారే తప్ప కళగా లెక్కించలేదు. ఈ లెక్కను మార్చిన వాళ్ళలో ఇంగ్లండుకు చెందిన గెర్ట్రూడ్ జీకిల్ (1843–1932) ఒకరు.

ఆమె చిత్రకళ చదువుకున్న మనిషి. 1861లో లండన్‌లోని సౌత్ కెన్సింగ్టన్ కళాపాఠశాలలో చేరింది. ఎంబ్రాయిడరీ, వెండిపని చేసింది. చూపు బాగా మందగించడంతో 1891లో కంటి వైద్యుడు కుట్టుపనీ చిత్రలేఖనమూ మానుకోమన్నాడు. రంగుల గురించి నేర్చుకున్నదంతా ఆమె సర్రేలోని తన మన్‌స్టెడ్ వుడ్ తోటలో పెట్టింది.

అక్కడ దాదాపు 200 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పున్న పూలమడి ఉండేది. రెండు చివర్లా నీలం, బూడిదరంగు ఆకులు. అక్కణ్ణించి లోపలికి వచ్చేకొద్దీ పసుపు, నారింజ, సరిగ్గా నడుమ ఎరుపు. వేసవి చివర వెలిగే ఆ నడిమి భాగంలో డాలియాలు, కన్నాలు, బంతులు ఉండేవి. మొక్కల్ని గుండ్రటి గుంపులుగా కాక సన్నగా, పొడవుగా, ఏటవాలు చారల్లా నాటేది. ఒక చార పూత అయిపోయినా పెద్ద ఖాళీ కనపడదు. డెల్ఫీనియాలు పూసి వాడిపోతే వాటి కాడల మీదికి వెనకనున్న బఠాణీజాతి తీగను పాకించేది. దాని పూత కూడా అయ్యాక క్లెమాటిస్ తీగను లాగేది. సెప్టెంబరు చివరి నుంచి అక్టోబరు దాకా పూసే మైఖేల్మస్ డెయిజీలకు వేరే మడి కేటాయించింది. చేమంతి కుటుంబానికే చెందిన ఈ ఊదా, తెలుపు పూలు అక్కడ ఆకులు రాలే కాలానికి చివరి రంగు. ఏ నెలకు ఏ చోటు అన్నది ముందే తేల్చుకోవడం ఆమె పద్ధతిలో కీలకం. ఇదంతా 1908లో పూలతోటలో రంగుల గురించి పుస్తకంగా రాసింది.

రాయగలిగిన వీలు ఆమెకెలా వచ్చిందో కూడా చూడాలి. సొంత భూమి ఉంది, డబ్బుంది, తవ్వడానికి జీతగాళ్ళున్నారు. ఆమె పేరు నిలిచినట్టు ఆ తోటమాలుల పేర్లు నిలవలేదు. స్త్రీల చరిత్ర రాసేటప్పుడు ఈ వర్గభేదాన్ని దాటేసి పోలేం.

ఆమె పోయాక తోట పాడుబడింది. ఆమె గీసిన వందలాది తోటల పటాలను అమెరికా తోటశిల్పి బియాట్రిక్స్ ఫరాండ్ (1872–1959) 1940ల చివర్లో కొని భద్రపరిచింది. 1899లో అమెరికా తోటశిల్పుల సంఘం స్థాపించినవారిలో ఆమె ఒక్కతే స్త్రీ. 1955లో మెయిన్ రాష్ట్రంలోని తన సొంత తోటనే తీసేయాల్సి వచ్చినప్పుడు కూడా ఆ కాగితాలను బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చేర్చింది. అవి మిగిలాయి గనకే పాడుబడిన జీకిల్ తోటలు కొన్నింటిని తిరిగి నాటగలిగారు. మన్‌స్టెడ్ వుడ్‌ను 2023లో నేషనల్ ట్రస్ట్ కొన్నది.

జీకిల్ మడిలోని బంతి మెక్సికో నుంచి వచ్చిన పువ్వు. అదే పువ్వు సముద్రాలు దాటి మన పెరళ్ళకూ వచ్చింది. అదే శరత్తులో తెలంగాణ స్త్రీలు బంతి, తంగేడు, గునుగు, చేమంతి వరసలు పేర్చి బతుకమ్మను నిలబెడతారు. కింది వరసకు ఏ పువ్వు, పైకి ఏది, ఏ రంగు పక్కన ఏ రంగు, తెల్లటి గునుగుకు ఏ రంగు అద్దాలి – ఇవన్నీ చూసి నేర్చుకునే విషయాలు. సాయంత్రానికి బతుకమ్మ నీళ్ళలో కలిసిపోతుంది. పాటలను సేకరించారు, అచ్చువేశారు. పేర్చే చేతుల ఆలోచనను ఎంతమంది నమోదు చేశారు? ఫలానా ఊళ్ళో ఫలానా ఆమె ఏ వరస తర్వాత ఏది, ఎందుకు పేరుస్తుందో ఆమె మాటల్లోనే, ఆమె పేరుతో రాసుకోవడం మనలాంటి పరిశోధకుల పని. జీకిల్ కాగితాలకు ఒక ఫరాండ్ దొరికింది. ఇక్కడ ముందు ఆ కాగితమే తయారు కావాలి.