పోర్టబుల్ ఏసీ: కరెంటు ఎంత, చల్లదనం ఎంత?

అద్దె ఇంట్లో ఉండేవారికి పోర్టబుల్ ఏసీ మీద మనసు పోవడం సహజమే. గోడకు రంధ్రం వేస్తానంటే యజమాని ఒప్పుకోడు. ఇల్లు మారిన ప్రతిసారీ స్ప్లిట్ ఏసీ విప్పించి, మళ్లీ బిగించి, గ్యాస్ నింపించాలంటే ఖర్చు. చక్రాల మీద దొర్లించుకుపోయే యంత్రంతో ఆ బాధ లేదు. కాకపోతే బిగింపులో మిగిలిన డబ్బు నెలనెలా కరెంటు బిల్లులో పోతుంది.

ఏ ఏసీ అయినా చేసేది గదిలోని వేడిని బయటికి మోయడమే. స్ప్లిట్ ఏసీలో కంప్రెసర్, వేడిని వదిలే కాయిల్ రెండూ ఇంటి బయట ఉంటాయి. పోర్టబుల్‌లో అన్నీ గదిలోనే. ఆ కాయిల్‌ను చల్లార్చడానికి ఒంటి గొట్టం ఉన్న రకం గదిలోని గాలినే పీల్చి, వేడెక్కించి, కిటికీలోంచి బయటికి ఊదుతుంది. అలా పోయిన గాలి స్థానంలో తలుపు సందుల నుంచి, పక్క గదుల నుంచి వేడిగాలి లోపలికి వస్తుంది. అంటే ఒక చేత్తో చల్లబరుస్తూ మరో చేత్తో వేడిని పిలవడమే. కాలిపోతున్న గొట్టం గదిలోనే ఉండటం దీనికి అదనం. రెండు గొట్టాల రకం బయటి గాలినే తీసుకుని బయటికే వదులుతుంది కనుక కొంత నయం. మన బజారులో అది అరుదు.

అందుకే పెట్టె మీది టన్నుల లెక్కను యథాతథంగా నమ్మలేం. ఒక టన్ను అంటే గంటకు 12,000 బీటీయూలు, సుమారు 3.5 కిలోవాట్ల వేడిని తొలగించే శక్తి. అమెరికా ఇంధన శాఖ ఈ చొరబడే వేడినీ, గొట్టం వేడినీ తీసేసి లెక్కగట్టే పద్ధతి పెట్టాక, పాత లెక్కలో 14,000 అని రాసుకున్న యంత్రాలు కొత్త లెక్కలో 10,000 దగ్గరికి పడిపోవడం మామూలైంది. మన దేశంలో స్ప్లిట్, విండో ఏసీల మీద బీఈఈ స్టార్ లేబుల్ ఉంటుంది. 1,600 గంటల వాడకానికి ఏడాదికి ఎన్ని యూనిట్లో అందులోనే రాసి ఉంటుంది. పోర్టబుల్ మీద సాధారణంగా ఆ లేబుల్ కనబడదు, కాబట్టి వాట్లు చూసి లెక్కేసుకోవాల్సిందే.

ఒక టన్ను పోర్టబుల్ 1,300 వాట్లు తీసుకుంటుందనుకుందాం. వేడి చొరబడుతూనే ఉంటుంది కనుక మండు వేసవిలో కంప్రెసర్ ఆగడం తక్కువ. రోజుకు 8 గంటలు నడిస్తే నెలకు 312 యూనిట్లు. యూనిట్ 8 రూపాయలైతే దాదాపు 2,500. అదే సామర్థ్యమున్న 5 స్టార్ ఇన్వర్టర్ స్ప్లిట్ గది చల్లబడ్డాక వేగం తగ్గించుకుంటుంది. గంటకు సగటున అర యూనిట్ వేసుకున్నా 120 యూనిట్లు, 960 రూపాయలు. తెలంగాణలో గృహజ్యోతి కింద 200 యూనిట్ల దాకా ఉచితంగా పొందుతున్న కుటుంబానికి దెబ్బ ఇంకా పెద్దది. ఆ నెల 200 దాటితే మొత్తం బిల్లు కట్టాలి.

ఇప్పటికే కొన్నవారు గొట్టాన్ని వీలైనంత పొట్టిగా, వంపుల్లేకుండా పెట్టాలి. దానికి ఇన్సులేషన్ చుట్టాలి. కిటికీ పక్క సందులు థర్మాకోల్‌తోనైనా మూయాలి. ఫ్యాన్ వేసి 26 డిగ్రీల దగ్గర ఉంచితే మేలు. ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అని బీఈఈ చెబుతోంది. 16 ఆంపియర్ల సాకెట్‌కే తగిలించాలి, ఎక్స్‌టెన్షన్ తీగ వద్దు.

ఇంకా కొననివారు, గదికి తగిన కిటికీ ఉంటే, ముందు విండో ఏసీకి యజమానిని అడగడం మంచిది. దానికి గోడకు రంధ్రం అక్కర్లేదు, ఇల్లు మారితే ఊడదీసుకోవడమూ తేలిక. పొడి వేడి ఉండే ఊళ్లలో 200 వాట్ల లోపు కూలర్ కూడా చాలామందికి సరిపోతుంది. ఉక్కపోత ఎక్కువైన విశాఖ, కాకినాడ లాంటి చోట్ల దాని పప్పులుడకవు. ఇక ఆన్‌లైన్‌లో వెయ్యి, రెండు వేలకు ‘మినీ ఏసీ’ పేరుతో అమ్మేవి ఏసీలే కావు, నీళ్ల డబ్బా ఉన్న చిన్న ఫ్యాన్లు.