రాలిన పువ్వు ఎవరిది?

మొన్న సంక్రాంతికి మధురవాడలోని మా పొరుగింటి యువకుడు సెలవుమీద వచ్చెను. సరకుల ఓడలో అతని యుద్యోగము. దక్షిణాఫ్రికా రేవునుండి తెచ్చిన యొక సీసాను అరుగుమీద కూర్చున్న మా కందరకు చూపించెను. దానిమీద ఏనుగు బొమ్మ యున్నది. లోపల పాలకాఫీ రంగుగల చిక్కని ద్రవ మున్నది. 'అమరులా' యను నా తీపి మద్యమును మరులా యను అడవిచెట్టు పండ్లనుండి తీసిన సారాలో పాలమీగడ కలిపి చేయుదురని అతడు చెప్పెను. మా వీథికి కావలియుండు వృద్ధుడు పాడేరు ప్రాంతమువాడు. అతడు సంగతి యంతయు విని, "అయితే ఇది ఆళ్ల ఇప్పసారా అన్నమాట. మరి దీనికి పోలీసోళ్లు రారా, బాబూ?" అని అడిగెను.

మేమందరము నవ్వితిమి. కాని ఆ ప్రశ్న నవ్వి విడువదగినది కాదు. దానికి సమాధానము చెప్పవలెనన్న సుమారు నూటయేబది సంవత్సరముల చరిత్ర తిరుగవేయవలెను.

మరులా మన మామిడికిని జీడిమామిడికిని ఒకే కుటుంబమునకు చెందిన వృక్షము. దాని కాయలు చెట్టుననే పండవు. నేల రాలిన పిదప పసుపు రంగునకు తిరుగును. పల్లెలవారు వాటిని ఏరి తెచ్చి, తరతరములుగా ఇండ్లలోనే పులియబెట్టి త్రాగుచు వచ్చిరి. 1989లో ఒక దక్షిణాఫ్రికా సంస్థ ఆ పండ్ల రసమును పులియబెట్టి, బట్టీ పట్టి, ఓకు పీపాలలో మాగనిచ్చి, మీగడ చేర్చి విపణికి తెచ్చెను. అందు మద్యసారము నూటికి 17 పాళ్లు. అడవిపండు పేరు ఆ విధముగా దేశదేశముల అంగడుల కెక్కెను. మరులా పండ్లు తిని ఏనుగులు మత్తెక్కి తూలునను కథకూడ వ్యాపించినది గాని, అది నమ్మదగినది కాదని శాస్త్రజ్ఞులు 2006లో లెక్కవేసి చూపిరి.

మన మన్యములో ఆ స్థానము ఇప్పచెట్టుది. సంస్కృతమున దీనిని మధూక మందురు. మా మధురవాడ పేరును దీనితో ముడిపెట్టుటకు నాకు ఆధార మేదియు లేదు. వినుటకు మాత్రము ఇంపుగా నుండును. సామర్లకోటలో నివసించిన వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బరో కోరమాండల్ తీరపు మొక్కలపై వెలువరించిన గ్రంథములో దీనిని బాసియా లాటిఫోలియా యను పేరుతో వర్ణించెను. ఫాల్గుణ చైత్రములలో ఆకులు రాలిన కొమ్మలకు గుత్తులుగా పూచి, కండగల మీగడరంగు పూలు రాత్రివేళ విచ్చి తెల్లవారుజామున నేల రాలును. స్త్రీలును పిల్లలును గంపలతో పోయి, ఎలుగుబంట్లకంటె ముందుగా వాటిని ఏరుకొనవలెను. ఎండబెట్టిన పువ్వు ఎండుద్రాక్షవలె తియ్యగా నుండి నెలల తరబడి నిలువ యుండును. కరవు దినములలో అది అన్నము. పిదప గింజలనుండి నూనె వచ్చును. పువ్వును నీట నానబెట్టి, పులిసిన పిదప కుండలో కాచి, ఆవిరిని చల్లార్చి పట్టినచో అది సారా.

పెండ్లికిని చావుకును దేవతకును ఆ సారా వలయును. ఇప్పసారా యైనను, జీలుగుకల్లైనను, తాటికల్లైనను కొండవానికి అది అంగడి సరకు కాదు. తన పెరటి వస్తువు. దానిపై ప్రభుత్వపు దృష్టి పడిననాడే తగవు ప్రారంభమయ్యెను.

గోదావరి మన్యమందలి రంపదేశమున మన్సబ్‌దారు కల్లుచెట్లపై 'చిగురుపన్ను' అను నొక పన్ను రాబట్టుచుండెను. మదరాసు ప్రభుత్వము ఇంటి వాడుకకైనను కల్లు గీయరాదని కట్టుదిట్టములు చేసి, ఆ హక్కును మైదానపు గుత్తదారులకు పాడెను. మన్సబ్‌దారు దానిపైన 'మొదలుపన్ను' అను మరియొక భారము మోప జూచెను. దీనికి తోడు మైదానపు వర్తకులు కోర్టు డిక్రీలతో కొండవారి పశువులను పంటలను జప్తు చేయించుచుండిరి. 1879 మార్చిలో తిరుగుబాటు చెలరేగెను. పోలీసు ఠాణాలు దాడికి గురియయ్యెను. కొలది మాసములలో ఆ మంట విశాఖపట్టణము జిల్లాలోని గొలుగొండ కొండలకును, భద్రాచలము తాలూకాలోని రేకపల్లికిని ప్రాకెను. ద్వారబంధాల చంద్రయ్య, కారం తమ్మన్నదొర వంటి నాయకులను అణచుటకు ప్రభుత్వము ఆరు మదరాసు పటాలములను కొండ కెక్కించవలసివచ్చెను. పోరాటము 1880 వరకు సాగెను. అన్యాయములు అనేక మున్నను, నిప్పంటించినది కల్లుకుండపై విధించిన ఆంక్షయే.

ప్రభుత్వము గ్రహించినది స్వల్పము. 1886లో మదరాసు అబ్కారీ చట్టము వచ్చెను. 1892లో బొంబాయివారు మరింత ముందునకు పోయి, ఇప్పపువ్వుకొరకే ప్రత్యేకముగా ఒక చట్టము చేసిరి. సారాపై మాత్రమే కాక, పువ్వును నిలువచేసికొనుటపైనను, అమ్ముటపైనను ఆంక్షలు వచ్చెను. అన్నముగా తినెడి పువ్వు అనుమానాస్పద వస్తువయ్యెను.

అయితే, చరిత్రకు రెండవ ముఖముకూడ కలదు. 1922లో అదే మన్యమున అల్లూరి సీతారామరాజు, తెల్లదొరలపై విల్లెక్కుపెట్టుటకు ముందే, త్రాగుడు మానుడని కొండవారికి బోధించెను. తగవులు కోర్టులకు తీసికొనిపోక పంచాయతీలలో తీర్చుకొనుడనెను. డెబ్బది సంవత్సరములకు పిమ్మట, 1992లో, నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు సారా దుకాణమును మూయించిరి. ఆ ఉద్యమఫలముగా 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమున సారా నిషిద్ధమయ్యెను. 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చి, 1997లో సడలెను. ఇంటిలోని గింజలమ్మి త్రాగువానిని చూచిన యిల్లాలికి, సారా సంస్కృతి యని చెప్పుట పుండుమీద కారము చల్లుటయే.

ఈ రెండును పరస్పర విరుద్ధములని తోచును. నాకు మాత్రము అట్లు తోచదు. 1879లో కొండవారు అడిగినదియు, 1992లో స్త్రీలు అడిగినదియు ఒక్కటియే: మా ఊరిలో ఏది త్రాగవలెనో, ఏది మానవలెనో నిర్ణయించువారు గుత్తదారులా, మేమా? రెండు సందర్భములలోను ఖజానా గుత్తదారు పక్షముననే నిలిచినది.

1996లో పార్లమెంటు షెడ్యూలు ప్రాంతములకు పంచాయతీ అధికారములను విస్తరించుచు చట్టము చేసినపుడు ఈ విషయమును గుర్తించినది. మద్యమును నిషేధించుటకుగాని నియంత్రించుటకుగాని అధికారమును, చిన్నతరహా అటవీ ఫలసాయముపై యాజమాన్యమును గ్రామసభలకును తగుస్థాయి పంచాయతీలకును చెందవలెనని అందు వ్రాసిరి. మానుటకును త్రాగుటకును రెంటికిని ఊరే పెద్ద యని దీని భావము. వ్రాత మంచిది, అమలు ఊరూరికి మారుచున్నది.

ఇంతలో విపణి మేల్కొన్నది. చిత్తూరు జిల్లాలో బట్టీ గల ఒక సంస్థ 2018లో ఇప్పపూల మద్యమును, తీపి లికరును గోవా అంగడులలో ప్రవేశపెట్టెను. 2022లో మధ్యప్రదేశ్ ప్రభుత్వము ఇప్పసారాను వారసత్వ మద్యముగా గుర్తించి, గిరిజన స్వయంసహాయక సంఘములకు తయారీ హక్కు నిచ్చెను. ఆదిలాబాదు జిల్లా ఉట్నూరులో గిరిజన స్త్రీలు ఆ పువ్వుతోనే లడ్డూలు చేసి అమ్ముచున్నారు. వానిని పసిబిడ్డలును తినవచ్చును. మన విశాఖపట్టణమున 1956లో నెలకొన్న గిరిజన సహకార సంస్థ అటవీ ఫలసాయమును కొనుచునే యున్నది.

త్రాగుడును ప్రోత్సహించుట ఈ ప్రసంగపు ఉద్దేశము కాదు. పువ్వు సీసా కెక్కినను, లడ్డూ అయినను, తెల్లవారుజామున దానిని ఏరిన చేతికి ముట్టున దెంత, ఆ మాట చెప్పు హక్కు ఎవరిదియని మాత్రమే శ్రోతలు ఆలోచింపవలెనని నా మనవి.

ఆ సాయంకాలము కావలి వృద్ధునితో, "దీనికి పోలీసులు రారయ్యా, పరవానా యున్నది" అంటిని. అతడు సీసాను ఒకసారి వెలుగునకు పట్టి చూచి, జాగ్రత్తగా తిరిగి యిచ్చి, "ఆ కాగితం మా ఊరికెవరూ తేలేదు బాబూ" అని, లాంతరు తీసికొని గస్తీకి పోయెను.