పహాణీలో రెండు గడులు

తెలంగాణ సాయుధ పోరాటం అనగానే మన సభల్లో పాటలు, గుత్పలు, వడిసెలలు గుర్తుచేసుకుంటాం. పొద్దస్తమానం డేటాబేసులతో కుస్తీ పట్టేవాణ్ణి గనుక నాకు మాత్రం పహాణీ గుర్తొస్తుంది. అందులో పట్టాదారు పేరుకి ఒక గడి, అనుభవదారు, అంటే సాగుచేసే మనిషి, పేరుకి ఇంకో గడి. మా జనగామ వైపు చరిత్రంతా ఆ రెండు గడుల మధ్యే నడిచింది.

నిజాం రాజ్యంలో సుమారు 40 శాతం భూమి సర్ఫేఖాస్, జాగీర్ల కింద ఉండేది. మిగతాచోట రైతు నేరుగా సర్కారుకే శిస్తు కట్టాలని పేరు. కాని దేశ్‌ముఖులు వేల ఎకరాలు తమ పేర రాయించుకున్నారు. రాసేవాడు పట్వారీ, చదవడం రానివాడు రైతు. 1946 జూలై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖు మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య చనిపోయాక ఊళ్లకు ఊళ్లు లేచాయి. మూడు వేల గ్రామాల్లో పది లక్షల ఎకరాలు పంచామని కమ్యూనిస్టు పార్టీ లెక్క. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరగగానే, పారిపోయిన దొరలు చాలాచోట్ల తిరిగొచ్చారు. పంచిన భూమికి కాగితం లేదాయె!

అయినా పోరాటం వృథా పోలేదు. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1950 కౌలుదారీ చట్టంతో 'రక్షిత కౌలుదారు' అనే మాట రికార్డుల కెక్కింది. ఊళ్లలో ఆ అలజడే లేకపోతే హైదరాబాదులో అధికారులు అంత తొందరపడేవారని నేననుకోను. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి గారు వినోబాకు 100 ఎకరాలిచ్చిందీ ఆ వేడిలోనే. ఇంకోపక్క చట్టానికి భయపడి కౌలుదార్లను వెళ్లగొట్టినవాళ్లున్నారు, తెల్లకాగితం మీద అమ్ముకున్నవాళ్లున్నారు. ఆ సాదా బైనామాల పేచీలు మనవళ్ల దాకా వచ్చాయి. 1973 భూపరిమితి చట్టం నాటికి దొరలు బంధువుల పేర పంచేసుకుని సిద్ధంగా ఉన్నారు.

పట్టా చేతికొచ్చినవాడు సొసైటీలో అప్పు తెచ్చి బావి తవ్వాడు, మోటారు పెట్టాడు, పిల్లల్ని పట్నం పంపాడు. మా తాత అలాంటివాడే, అందుకే నేను వరంగల్‌లో ఇంజనీరింగ్ చదివాను. పట్టా లేనివాడు షావుకారు దగ్గరే మిగిలాడు.

ఇప్పుడు మొదటి గడిలో దొరలు తగ్గి, మనలాంటివాళ్లం చేరాం. 2018లో మొదలైన రైతుబంధు సొమ్ము పట్టాదారుకే వచ్చింది, కౌలు రైతుకు వర్తించలేదు. 2020లో వచ్చిన ధరణి అనుభవదారు గడినే తీసేసింది. 2025లో ధరణి పోయి భూభారతి వచ్చింది. మాకున్న మూడెకరాలు మా అమ్మ పేరిట ఉన్నాయి. ఇరవై ఏళ్లుగా దున్నుతున్నది మా కౌలుదారు. రైతుబంధు పైసలు పడ్డప్పుడల్లా అమ్మ తీసుకొచ్చి ఆయన చేతిలో పెట్టేది. అది అమ్మ ఇష్టం, ఆయన హక్కు కాదు. పంట రుణానికి బ్యాంకువాళ్లు అడిగేది పట్టా పాసుపుస్తకం, కనక ఆయన ఎరువులు ఇప్పటికీ ఉద్దెరకే తెస్తాడు.