గొట్టం నుంచి నల్లా దాకా: హైదరాబాద్ తూర్పు శివార్లలో కొత్త నీటి మార్గాల వినియోగారంభం – చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం:
హైదరాబాద్ తాగునీటి చరిత్రను సాధారణంగా జలాశయాల వరుసగా, ప్రారంభోత్సవాల తేదీలతో చెబుతుంటారు. గొట్టం పూడ్చిన రోజుకూ నల్లాలో తాగదగిన నీరు వచ్చిన రోజుకూ మధ్య ఒక దశ ఉంది. పీడన పరీక్ష, గొట్టం కడగడం, క్లోరిన్‌తో శుద్ధి, సూక్ష్మజీవ పరీక్ష అందులో భాగాలు. దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్ ప్రాంతాలను ఆధారంగా చేసుకొని ఈ దశకు చరిత్రలో దక్కవలసిన స్థానాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: జలమండలి, కృష్ణా జలాలు, సాహెబ్‌నగర్, క్లోరినేషన్, విరామ సరఫరా.

1. ఉపోద్ఘాతం

1908 సెప్టెంబరు 28న వచ్చిన మూసీ వరద హైదరాబాద్ చరిత్రను మలుపు తిప్పింది. దానికి సరిగ్గా రెండు రోజుల ముందు, సెప్టెంబరు 26న, అమెరికాలోని జెర్సీ సిటీకి నీరందించే బూంటన్ జలాశయం వద్ద డాక్టర్ జాన్ లీల్ చొరవతో నిరంతర క్లోరినేషన్ మొదలైంది. ఈ రెండు సంఘటనలకూ పరస్పర సంబంధం లేదు. అయినా ఇరవయ్యో శతాబ్దపు నగరం ఎదుర్కొన్న రెండు ప్రశ్నలు వీటిలో కనిపిస్తాయి. నీటిని నిలిపి నగరానికి చేర్చడం ఎలా? చేరిన నీరు రోగం మోసుకురాకుండా చూడడం ఎలా? హైదరాబాద్ చరిత్రకారులు మొదటి ప్రశ్నకు ఇచ్చినంత చోటు రెండవదానికి ఇవ్వలేదు.

2. పడమటి నీరు – తూర్పు ఊళ్ళు

వరద అనంతరం మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనల ఫలితంగా మూసీపై ఉస్మాన్‌సాగర్ (1920), ఈసీ నదిపై హిమాయత్‌సాగర్ (1927) వెలిశాయి. ప్రజలు గండిపేటగా పిలుచుకునే ఉస్మాన్‌సాగర్ నీరు ఆసిఫ్‌నగర్ వడపోత కేంద్రం మీదుగా నగరానికి చేరేది. తరువాత 1965లో మంజీర, 1990వ దశకంలో సింగూరు జలాలు వచ్చాయి. ఈ వనరులన్నీ నగరానికి పడమట, వాయవ్య దిక్కున ఉన్నాయి. అందువల్ల తూర్పున విజయవాడ రహదారి వెంట పెరిగిన కాలనీలు నీటి మార్గానికి దూరపు కొసన మిగిలాయి.

పరిపాలనలోనూ ఈ దూరం ఉండేది. దిల్‌సుఖ్‌నగర్ పరిసరాలు గడ్డిఅన్నారం పురపాలక సంఘంలోనూ, దాని తూర్పు ప్రాంతం లాల్ బహదూర్ నగర్ పురపాలక సంఘంలోనూ ఉండేవి. 2007 ఏప్రిల్‌లో బృహత్ హైదరాబాద్ నగరపాలక సంస్థ ఏర్పడినప్పుడు విలీనమైన 12 పురపాలక సంఘాలలో ఈ రెండూ ఉన్నాయి. అప్పటిదాకా నగరం పెరిగిన వేగంతో పంపిణీ గొట్టాలు పెరగలేదు. బోరుబావి, ట్యాంకరు అనేక కాలనీలకు నిత్యావసరాలయ్యాయి.

3. కొస మొదలుగా మారిన సందర్భం

1989లో ఏర్పడిన హైదరాబాద్ మహానగర నీటి సరఫరా, మురుగునీటి పారుదల మండలి (జలమండలి) చేపట్టిన కృష్ణా పథకం ఈ దిక్కును తారుమారు చేసింది. నాగార్జునసాగర్‌కు అనుబంధమైన అక్కంపల్లి జలాశయం నుంచి నీటిని తీసుకొని, నల్లగొండ జిల్లా కోదండాపూర్‌లో శుద్ధి చేసి, దశలవారీగా పంపులతో ఎత్తి గున్‌గల్‌కు చేరుస్తారు. అక్కడి నుంచి నీరు పల్లానికి పారి ఎల్.బి. నగర్ సమీపంలోని సాహెబ్‌నగర్‌కు వస్తుంది. 2004, 2008, 2015 సంవత్సరాల్లో పూర్తయిన మూడు దశలలో ఒక్కొక్కదాని సామర్థ్యం రోజుకు 9 కోట్ల గ్యాలన్లు, అంటే సుమారు 41 కోట్ల లీటర్లు. ఒకనాటి కొస ప్రాంతం నగరానికి నీటి ముఖద్వారమైంది.

అయితే ముఖద్వారం పక్కనున్న ప్రతి ఇంటికీ నీరు వెంటనే అందలేదు. మహామార్గం వేరు, వీధి గొట్టం వేరు. శివారు సర్కిళ్ళలో కొత్త రిజర్వాయర్లు, పంపిణీ గొట్టాలు హడ్కో రుణ సహాయంతో పెద్దఎత్తున నిర్మాణమైనది 2016 తరువాతనే. ఏళ్ళ తరబడి ఎదురుచూసిన కాలనీలో గొట్టం వేయడం పూర్తికాగానే వాల్వు తిప్పాలన్న ఒత్తిడి సహజం. వినియోగారంభ దశ ప్రాముఖ్యం ఇక్కడే తెలుస్తుంది.

4. మధ్య దశ: పుట్టుక, పద్ధతి

కొత్త గొట్టం లోపల మట్టి, పనివారి చేతి మురికి, వాననీరు చేరి ఉంటాయి. శుద్ధి కేంద్రం నుంచి వచ్చిన నీరు ఎంత నిర్మలమైనదైనా, ఆ గొట్టంలో ప్రవహించగానే దాని గుణం మారిపోతుంది. ఈ సత్యాన్ని ప్రపంచం రోగం ద్వారానే నేర్చుకుంది. 1897లో ఇంగ్లండులోని మెయిడ్‌స్టన్ పట్టణంలో టైఫాయిడ్ ప్రబలి 130 మందికి పైగా మరణించినప్పుడు, సిమ్స్ వుడ్‌హెడ్ పర్యవేక్షణలో పంపిణీ గొట్టాలను బ్లీచింగ్ పౌడర్ ద్రావణంతో శుద్ధి చేశారు. అంటే నీటికి నిరంతరం క్లోరిన్ కలపడం స్థిరపడకముందే గొట్టాన్ని క్లోరిన్‌తో కడిగారు.

నేడు ఈ పని నాలుగు మెట్లలో సాగుతుంది. మొదట గొట్టాన్ని మెల్లగా నింపి, ఎత్తైన చోట్ల ఉన్న ఎయిర్ వాల్వుల గుండా గాలిని వెళ్ళగొట్టి, పని పీడనం కన్నా ఎక్కువ పీడనంలో నిలిపి అతుకులను పరీక్షిస్తారు. గాలి మిగిలితే పరీక్ష ఫలితం తప్పుదారి పట్టిస్తుంది. రెండవది, అడుగున పేరుకున్న ఇసుక కొట్టుకుపోయేంత వేగంతో నీటిని వదిలి కడగడం. మూడవది క్లోరిన్ శుద్ధి. అమెరికా జలపనుల సంఘం వారి సి651 ప్రమాణంలోని నిరంతర మోతాదు పద్ధతి ప్రకారం లీటరుకు 25 మిల్లీగ్రాముల క్లోరిన్‌తో నింపిన నీటిని 24 గంటలు నిలపాలి. ఆ తరువాత కనీసం 10 మిల్లీగ్రాములు మిగలాలి. నాలుగవది, ఈ ఘాటైన నీటిని తొలగించి, నమూనాలను ప్రయోగశాలకు పంపడం. తాగునీటికి సంబంధించిన భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 10500 ప్రకారం 100 మిల్లీలీటర్ల నమూనాలో ఇ. కోలై కనిపించరాదు.

పీడన పరీక్ష గొట్టం బలాన్ని చెబుతుంది. నీటి యోగ్యతను చెప్పదు. మొదటి మెట్టు దాటగానే పని పూర్తయిందని భావిస్తే తక్కిన మూడింటి భారం వాడుకరిపై పడుతుంది.

5. దినం విడిచి దినం

పై ప్రమాణాల వెనుక గొట్టం ఒకసారి నిండితే ఎల్లప్పుడూ పీడనంతో నిండే ఉంటుందన్న ఊహ ఉంది. హైదరాబాద్‌లో సరఫరా చాలాచోట్ల దినం విడిచి దినం, కొన్ని గంటలు మాత్రమే. సరఫరా ఆగాక గొట్టంలో పీడనం పడిపోతుంది. లోపభూయిష్ఠమైన అతుకుల గుండా బయటి నీరు లోపలికి వస్తుంది. నల్లాకు నేరుగా మోటారు బిగిస్తే ఈ ముప్పు ఇంకా పెరుగుతుంది. 2009 మే నెలలో ముషీరాబాద్ ప్రాంతంలోని భోలక్‌పూర్‌లో కలుషిత తాగునీటి వల్ల పలువురు మరణించారు. పాత గొట్టమైనా ఎంత ప్రమాదకరం కాగలదో ఆ ఉదంతం నగరానికి చెప్పింది. 2020 అక్టోబరు వరదల్లో సరూర్‌నగర్ చెరువు పరిసర కాలనీలు నీట మునిగినప్పుడు గొట్టాలు, ఇళ్ళ సంపులు రెండూ బురదనీటి నడుమ చిక్కుకున్నాయి.

కాబట్టి విరామ సరఫరాలో ప్రతి వంతూ ఒక చిన్న వినియోగారంభమే. గొట్టం మళ్ళీ నిండుతుంది, గాలి మళ్ళీ వెళ్తుంది, అడుగు మట్టి మళ్ళీ కదులుతుంది. నల్లా రాగానే మొదటి బిందె పారబోసే గృహిణి అలవాటు నిజానికి గొట్టం కడిగే పనే. సంస్థ చేయవలసిన రెండవ మెట్టును ఆమె తన వాకిట పూర్తిచేస్తోంది. నీటిని కాచే ఇంధనం, శుద్ధి యంత్రం ఖర్చు కూడా ఈ లెక్కలోనివే. 2021 జనవరిలో నెలకు 20,000 లీటర్ల ఉచిత నీటి పథకం అమలులోకి వచ్చి నీటి బిల్లు తగ్గినా, ఈ ఖర్చు ఏ బిల్లులోనూ కనబడదు.

6. ఉపసంహారం

దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్ ప్రాంతాల చరిత్ర నీరు రాకపోవడం నుంచి నీరు రావడం వరకు సాగిన సరళరేఖ కాదు. కృష్ణమ్మ సాహెబ్‌నగర్ చేరిన తేదీ ఒకటి, వీధిలో గొట్టం పడిన తేదీ మరొకటి, ఆ గొట్టపు నీరు పరీక్షలో నెగ్గిన తేదీ ఇంకొకటి. మొదటిది శిలాఫలకాలపై ఉంటుంది. రెండవది గుత్తేదారుల బిల్లులలో ఉంటుంది. మూడవది ప్రయోగశాల చిట్టాలలో, వాల్వు తిప్పే లైన్‌మన్ జ్ఞాపకంలో, బిందె పట్టిన ఇల్లాలి అనుభవంలో ఉంటుంది. ఈ మూడవ తేదీ ప్రజారోగ్యానికి అన్నిటికన్నా దగ్గరిది. ఆ చిట్టాలను, మౌఖిక కథనాలను ఆధారాలుగా సేకరించగలిగితే నగర జలచరిత్ర ఆనకట్ట గట్టు దిగి ఇంటి వాకిలికి చేరుతుంది.