మిట్టమధ్యాహ్నం, ఏట్లో ఖాళీ బండి

లండన్ నేషనల్ గ్యాలరీ. స్కూలు పిల్లల గుంపు పక్క గదిలోకి పోయింది, కాసేపు ఈ బొమ్మ మనదే. ముందుకు రండి. జాన్ కాన్‌స్టేబుల్ 1821లో వేసిన ‘ది హే వెయిన్’. అడ్డం 185 సెంటీమీటర్లు. చేతులు బార చాపినా రెండంచులూ అందవు.

మబ్బులు కమ్ముకొస్తున్నా ఎండ తగ్గలేదు. రాయల్ అకాడమీలో పెట్టినప్పుడు దీని పేరు ‘ల్యాండ్‌స్కేప్: నూన్’. స్టౌర్ నదికి ఇక్కడ లోతు లేదు. గుర్రాల పట్టెడల మీద ఎరుపు, వెనక ఖాళీ బండి, సగం మునిగిన చక్రాలు. నీళ్ళలోకి ఎందుకు దింపినట్టు? గుర్రాల కాళ్ళు చల్లబడాలని కొందరంటారు. నాకు చక్రాల మాటే నమ్మబుద్ధవుతుంది. వేసవిలో కర్ర ఎండితే ఇనప పట్టా వదులవుతుంది, నీళ్ళు తాగితే ఉబ్బి బిగుస్తుంది. ఎడ్లబండి తోలినవాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు.

ఎడమపక్క విల్లీ లాట్ అనే రైతు ఇల్లు, పైన సన్నటి పొగ. నీటి అంచున ఒకావిడ వంగి ఉంది. ఇవతలి గట్టు మీద కుక్క బండినే చూస్తోంది. చాలామంది ఇక్కడిదాకా చూసి, ఎంత ప్రశాంతంగా ఉందో అనుకుంటూ వెళ్ళిపోతారు.

మీరు వెళ్ళకండి. కుడివైపు, ఏటి అవతలి మైదానం చివరికంటా చూడండి. తెల్లటి చుక్కలు. కాపలావాళ్ళు కసురుకోనంత దగ్గరికి వెళ్తే అవి చొక్కాలవుతాయి: గడ్డి కోసేవాళ్ళు, బండికెత్తేవాళ్ళు. ఈ ఖాళీ బండికి పని ఉన్నదీ అక్కడే. నడినెత్తి ఎండలో ఒళ్ళొంచే మనుషులకి కుక్కకిచ్చినంత జాగా కూడా దక్కలేదు.

నెపోలియన్ యుద్ధాలు ముగిశాక ధాన్యం ధరలు పడిపోయాయి, పల్లెల్లో కూలి గిట్టలేదు. బొమ్మ వేసిన మరుసటి ఏడే, 1822లో, ఈ సఫోక్ ప్రాంతంలోనే కూలీలు నూర్పిడి యంత్రాలు విరగ్గొట్టారు, గడ్డివాములు తగలబడ్డాయి. కాన్‌స్టేబుల్ మకాం లండన్‌లో. ఊళ్ళో వేసుకున్న స్కెచ్‌లు ముందు పెట్టుకుని, ఇదీ అక్కడి స్టూడియోలోనే పూర్తిచేశాడు. స్వదేశంలో వెంటనే కొన్నవాళ్ళు లేరు; 1824లో పారిస్ ‘సలోన్’ ప్రదర్శనలో బంగారు పతకం వచ్చింది.

కూలీలను దాచాడని నేననను. ఈ ఏటి ఒడ్డునే ఉన్న ఫ్లాట్‌ఫర్డ్ మిల్లు అతని తండ్రిది, ఆ ఇంటి పిల్లాడిగా పెరిగాడు. బొమ్మలో మిల్లు ఎక్కడా అని వెతక్కండి. మనల్ని నిలబెట్టింది దాని ముంగిట్లోనే. అక్కణ్ణుంచి కూలీలు ఆ మాత్రమే కనిపిస్తారు.